లాభం, రెండు, మూడు

విశాఖ పూర్ణా మార్కెట్‌లో మా నాన్నకు బియ్యం కొట్టు ఉండేది. కుంచంతో కొలిచేటప్పుడు ఆయన నోట ‘ఒకటి’ అన్న మాట వచ్చేది కాదు. ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ ఆరు దాకా వచ్చేవారు. ఆపైన ఏడు అనకుండా ‘ఆరున్నొకటి’ అని ఎనిమిదికి పోయేవారు. కొన్నవాళ్ల ఇంటికి బియ్యంతోపాటు ఏడుపు పోకూడదని. అరవై ఏళ్ల తర్వాత ఆ లెక్క, పాత పనిముట్ల మీద రాసిన ఈ పుస్తకం రాతప్రతిలో కనబడింది. అక్కడ ఆగి, పైకి చదివి మా ఆవిడకు వినిపించాను.

ఇది రాసిన అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్ల. కొన్నాళ్ల కిందట వచ్చి ‘మాస్టారూ, ఒకసారి అరకు వెళ్లొద్దాం రండి’ అంది. 1996లో అక్కడ గిరిజన మ్యూజియం పెట్టారు. వంట, వేట, పెళ్లి, థింసా నాట్యం, అన్నీ నిలువెత్తు బొమ్మల్లో చూడొచ్చు. ఒక బొమ్మ దగ్గర కొండమీది ముసలమ్మ తన మనవడికి గింజ చల్లే తీరు చేత్తో చూపిస్తోంది. చేతిలో గింజలు లేవు, మణికట్టు మాత్రం తిరుగుతోంది. ఈ అమ్మాయి బొమ్మను వదిలేసి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. పుస్తకం అక్కడే పుట్టిందని నా నమ్మకం.

తిరిగొచ్చాక తెల్లవారుజామునే పూర్ణా మార్కెట్‌కు రావడం మొదలుపెట్టింది. కూరగాయల గంపలు దించేవాళ్లను, అనకాపల్లి బెల్లం దిమ్మలు అమ్మేవాళ్లను, సింహాచలం కొండ అనాసలు తెచ్చేవాళ్లను, అడ్డాకుల కట్టలు విప్పేవాళ్లను ఎవరినీ వదల్లేదు. మీ ఇంట్లో ఏ పనిముట్లు ఉండేవి, ఏ కర్రతో చేసేవారు, ఎవరు చేసేవారు, ఎప్పుడు మూల పడ్డాయి అని అడిగింది. అందుకే ఇందులో నాగలి ఉత్త నాగలిగా లేదు. మేడి పట్టిన చేయి, కర్రు సాగగొట్టిన కొలిమి, కాడి కింద ఎద్దు మెడ కూడా ఉన్నాయి. ఏతం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే కింద మనిషి నీళ్లు గుమ్మరించడం చదువుతుంటే నా అరికాళ్లు జిలజిలలాడాయి.

నన్ను కదిలించిన అధ్యాయం మాత్రం ఉక్కు ఊళ్లది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధుల్లో అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. ఆ కర్మాగారం కోసం 64 గ్రామాల జనం నేల వదులుకున్నారు. కదిలేవాళ్లు మంచాలూ బిందెలూ మోసుకెళ్లారు. ఏతం ఎవరు మోస్తారు? గరిసె ఎక్కడ పెడతారు? ఆ ఊళ్ల వాళ్లను ఈ ప్రశ్న అడగాలని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఈ అమ్మాయికి తట్టింది.

గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఉత్తరాంధ్ర ఇది. ఆయన సవరల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. గిడుగు అంటే వానకు పట్టే ఆకుగొడుగని ఈ పుస్తకంలో చదివాక, ఆయన ఇంటిపేరును చూసినప్పుడల్లా నాకు తడిసిన తాటాకు వాసన వస్తోంది.

స్టాక్‌హోమ్‌లో 1891లోనే ఆర్టర్ హజేలియస్ పల్లె ఇళ్లను విప్పి తెచ్చి స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియంలో మళ్లీ నిలబెట్టాడు. మన జిల్లాల్లోనూ అలాంటి చోటు కావాలని రచయిత్రి అడుగుతోంది. ఆమెతోపాటు నేనూ అడుగుతున్నాను. అయితే అక్కడ ఏతం నీళ్లు తోడాలి, గానుగ తిరగాలి, పెనంలో చెరకు రసం పొంగాలి. 1913 నుంచీ చెరకు పరిశోధన సాగుతున్న అనకాపల్లి పక్కనే ఉండగా ఇది మరీ పెద్ద కోరికేమీ కాదు.

ఒక్క లోటు చెప్పాలి. తల కొట్టి కొలవడానికీ, గోపురంగా పోసి కొలవడానికీ ఉన్న తేడా రెండు వాక్యాల్లో తేల్చేసింది. కొన్నవాడి కడుపూ అమ్మినవాడి మనసూ ఆ తేడాలోనే ఉంటాయి. మలిముద్రణలో ఒక పేజీ చేర్చమని చెప్పాను.

నాన్న కుంచం మా అటక మీద ఉండేది. మొన్న దింపి, తుడిచి ఈ అమ్మాయి చేతిలో పెట్టాను. సంచిలో వేసుకుంటుందనుకున్నాను. నేరుగా వంటింట్లోకి వెళ్లి, మా బియ్యం డబ్బా మూత తీసి, నిండుగా ముంచి, ‘లాభం’ అంది.