పిలిచి చూసి పెట్టండి

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పాపానికి, చుట్టాల్లో ఎవరింట బిడ్డ పుట్టినా ముందు నాకే ఫోను వస్తుంది. ఈమధ్య మా చెల్లెలి కూతురు చేసింది. "మామయ్యా, పాపది పునర్వసు మూడో పాదం. 'హ' రావాలట. రెండక్షరాలైతే మంచిది. ఇంకెవరికీ ఉండకూడదు."

హంస అన్నాను. పాతదంది. హాసిని అన్నాను. 'బొమ్మరిల్లు' చూసిన ప్రతివాళ్లూ పెట్టేశారంది. చివరికి 'హృద్య' దగ్గర బేరం కుదిరింది.

27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. 'హ' వచ్చినవాళ్లు అదృష్టవంతులే. ఆర్ద్ర మూడో పాదానికి 'ఙ' వస్తుంది. దాంతో పేరు మొదలుపెట్టిన మొనగాణ్ని నేనింకా చూడలేదు. పురోహితులే ఏదో దగ్గరి అక్షరంతో సర్దేస్తుంటారు.

ఎవరికీ లేని పేరు కావాలన్న తపన అందరికీ ఉండటంతో ఓ తమాషా జరుగుతోంది. వియాన్ష్, రియాన్ష్, అయాన్ష్. సాన్విక, తన్విక, రిత్విక. విడిగా చూస్తే ఏ పేరుకాపేరు కొత్తదే. హాజరుపట్టీలో వరసగా చదివితే ఒకే పిల్లాణ్ని పదిసార్లు పిలిచినట్టుంటుంది. వెనకటి పేర్లకు ఈ బెంగ లేదు. నూకరాజంటే అనకాపల్లి నూకాలమ్మ వైపు మనిషి, పైడిరాజంటే విజయనగరం పైడితల్లి వైపు, కొమురయ్యంటే కొమురవెల్లి మల్లన్న వైపు అని పేరు వినగానే ఊహకందేది. ఊళ్లో నలుగురు నూకరాజులుంటే ఇంటిపేరో చేసే పనో జోడించి పిలుచుకునేవారు.

సరే, హృద్య. అందులో ఉన్న ఋకారం సంస్కృతంలో అచ్చు. మన నోట అది 'రు', మరాఠీ నోటా అంతే, హిందీ నోట 'రి'. తెలుగులో రాసినంతసేపూ పేచీ లేదు, వట్రుసుడి అన్నిటినీ కడుపులో దాచుకుంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగు దగ్గరికొచ్చేసరికి యు పెట్టాలా, ఐ పెట్టాలా తేల్చుకోక తప్పదు. స్వాతిది ఇంకో గొడవ. మనం టి పక్కన హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు రాయరు. మన స్పెల్లింగు చూసి ఢిల్లీ ఆఫీసులో 'స్వాథి' అంటారు. 'జ్ఞ' ఉన్న పేరైతే మనకు 'గ్న', హిందీవాళ్లకు 'గ్య', మరాఠీవాళ్లకు 'ద్న్య'.

ఇరవయ్యొకటో రోజు బారసాల చేశారు. పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించారు. 'హ' బాగానే కుదిరింది. కింద వట్రుసుడి తిప్పబోతే బియ్యం జారి రెండుసార్లు పూడిపోయింది. అందరూ వంగి పాప చెవిలో పేరు చెప్పారు. బోసినోటి మా అమ్మ "రుద్యమ్మా" అంది. "రుద్య కాదమ్మమ్మా, హృద్య" అని మా మేనకోడలు సరిదిద్దబోతే, "అదేగా అన్నాను" అంది ఆవిడ.

నన్నడిగితే ఆవిడన్నదీ పేరే. తెలుగు నోరు పిలిచేటప్పుడు చివర సాగదీయడానికో అచ్చు కోరుతుంది. కార్తీక్‌ని కార్తీకూ అంటాం, వియాన్ష్ పెట్టుకున్న తల్లి కూడా వాణ్ని వియాన్షూ అనే పిలుస్తుంది. పలికేవాళ్లను దిద్దుకుంటూ పోవడం కన్నా, ఎలా పలుకుతారో ముందే విని చూసుకోవడం సుఖం.

అందుకు చట్టం గడువు కూడా ఇచ్చింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టిన సంగతి 21 రోజుల్లో చెప్పాలి గానీ, పేరు అప్పుడే ఇవ్వక్కర్లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడ్డ స్పెల్లింగే ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది.

అందుకే మా మేనకోడలు "యు నా, ఐ నా?" అని మళ్లీ అడిగినప్పుడు, రెండు నెలలు ఆగి ఇంట్లో ఏది నిలబడితే అది రాయించమన్నాను. అరుదైన పేరు పెట్టుకోండి, తప్పులేదు. వంటింట్లోంచి కేకేస్తే వీధి గుమ్మానికి వినపడాలి. ముసలివాళ్ల నోట నలగాలి. ఫోన్లో కొరియర్ కుర్రాడికి ఒక్కసారి చెబితే అందాలి. ఈ మూడింట్లో నెగ్గిన పేరు ఊళ్లో ఇంకో పదిమందికి ఉంటే మాత్రం నష్టమేముంది?