బండికి కట్టే పశువుకు అయిదు రోజులు

"బెంగళూరోళ్లు అంతేలేప్పా. అంత దూరం పోయి ఎవరితో కొట్లాడతావ్? వదిలేయ్." ఈ వారం హిందూపురం బజారులో నలుగురు పెద్దమనుషులు ఒక కుర్రాడికి ఇచ్చిన తీర్పు ఇది. విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

కుర్రాడిది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షోరూంలో కేఏ నంబరు డీజిల్ బండి 4.6 లక్షలకు కొన్నాడు. కొన్నాళ్లకే అద్దాలు దిగడం మానేశాయి, మీటరులో లైట్లు వాటంతటవే వెలిగి ఆరుతున్నాయి. మా ఊరి ఎలక్ట్రీషియన్ కింద పరిచిన మ్యాట్ ఎత్తి చూస్తే సన్నటి ఒండ్రుమట్టి. సీటు పట్టాలకు తుప్పు. సీటు బెల్టు చివరికంటా లాగితే బురద చార. నీళ్లలో మునిగిన బండి అది. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కార్లు మునిగిపోవడం మనమంతా టీవీలో చూశాం. ఇట్ల మునిగినవాటిని కడిగి, పాలిష్ పట్టి, మళ్లీ అమ్మకానికి పెట్టేవాళ్లుంటారు. డీలర్ మాత్రం "చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు: ఊరి మెకానిక్ వెంట లేకుండా పాత బండి కొనొద్దు, కొంటే మనూళ్లోనే కొనండి. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను. మధ్యలో మా తాత అడ్డొచ్చాడు.

తాత ఎద్దులు కొనేది దొడ్డబళ్లాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో. ఎక్కడెక్కడి నుంచో తోలుకొచ్చిన హళ్లికార్ కోడెలు, ముఖం ఎరగని రైతులు. తాత ముందు నోరు తెరిపించి పళ్లు చూసేవాడు: రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని. తర్వాత గిట్టలు, సుడులు, కంటి చెమ్మ. దళారి తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం నడుపుతుంటే తాత ముఖంలో ఏమీ కనపడేది కాదు. బేరం కుదిరినా డబ్బు మొత్తం ఇచ్చేవాడు కాదు. బరువేసిన బండికి కట్టి, ఇసుకలో తోలి, సాయంత్రం మేత ఎట్ల తింటుందో చూసి, అప్పుడే మిగతాది. అమ్మినవాడూ దీన్ని అవమానం అనుకునేవాడు కాదు. ఇద్దరు సాక్షులను పక్కన పెట్టుకుని వాడూ కూర్చునేవాడు.

పెద్దయ్యాక యాజ్ఞవల్క్య స్మృతి తిరగేస్తే ఈ పద్ధతికి మూలం కనపడింది. కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి అందులో గడువులున్నాయి: విత్తనాలకు పది రోజులు, రత్నాలకు ఏడు, పాడి పశువుకు మూడు, బరువు మోసే పశువుకు అయిదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్యనే కేతన 13వ శతాబ్దంలో తెలుగు చేశాడు. ఎద్దుకు అయిదు రోజులిచ్చిన దేశంలో, నాలుగున్నర లక్షల కారుకు మనం ఒక్క రోజు కూడా అడగడం లేదు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం డీలరు అమ్మిన పాత కారునైనా, లోపముంటే 30 రోజుల్లోపు వాపసు ఇచ్చేయొచ్చు.

తాత కొన్నది పరాయి ఊళ్లో, పరాయివాళ్ల దగ్గరే కదా. ఆయన్ను కాపాడింది గడువు, సాక్షి. దగ్గరితనం కాదు. నా పాత పాట ఇక్కడే ఆగిపోయింది.

కుర్రాడికి నేను చెప్పింది వేరు. 1986 చట్టం కింద అయితే ఈ కేసుకు బెంగళూరు పోవాల్సి వచ్చేది. 2020 జూలై 20న అమలుకొచ్చిన కొత్త వినియోగదారుల చట్టంలో కొన్నవాడు తానున్న చోటే ఫిర్యాదు చేయొచ్చు. అంటే తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. కొన్న ధర అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. రెండేళ్ల గడువుంది. కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటాల్సిన పనే లేదు.

ఇప్పుడు పక్కింటాయన దగ్గర నమ్మకం మీద కొన్నవాడి సంగతి చూడండి. ఆయన వ్యాపారి కాడు, కాబట్టి వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకోదు. బిల్లు ఉండదు. ముఖం చూసి అడగనూ లేం. మన ఊళ్లలో పాత బండ్ల మీద ఎన్ని స్నేహాలు చెడ్డాయో మీకూ తెలుసు. బిల్లిచ్చే దూరపు డీలరే నయం. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలన్న కేంద్ర నిబంధన కూడా వచ్చింది. డబ్బు కట్టేముందు ఆ పత్రం చూపించమనండి.

కుర్రాడు ఎలక్ట్రీషియన్‌తో ఫోటోలు తీయించాడు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకున్నాడు, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. మూడో రోజు డీలరే ఫోన్ చేశాడు: "రిపేరు చేయిస్తాం, కేసు వద్దు." కుర్రాడు నాకు ఫోన్ చేసి "ఏం చెప్పమంటావన్నా?" అన్నాడు. "కాగితం మీద రాసిస్తేనే ఒప్పుకో నాయనా. అంతవరకు నీ చేత్తో ఒక్క వైరు కూడా మార్పించొద్దు" అన్నాను.

ఇంకో మాట అడిగాడు. వాళ్ల బావకూ ఒక బండి కావాలంట, పెనుకొండలో ఎవరో తెలిసినాయన అమ్ముతున్నాడంట. బెంగళూరులోనే చూడమన్నాను, బిల్లు మీద "అయిదు రోజుల్లో లోపం కనపడితే డబ్బు వాపసు" అని డీలరు చేత రాయించుకుని.