లిండ్‌బర్గ్ అవసరం లేని అమెరికా

ఫిలిప్ రాత్ నవల ‘ద ప్లాట్ అగెనెస్ట్ అమెరికా’ (2004)లో రెండో ప్రపంచయుద్ధం ఐరోపాలో జరుగుతూనే ఉంటుంది. అమెరికా మాత్రం అందులో దిగదు. 1940 ఎన్నికల్లో రూజ్వెల్ట్‌ని ఓడించి విమానవీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ అధ్యక్షుడవుతాడు. హిట్లర్‌తో ఒప్పందం కుదుర్చుకుంటాడు. ఆ గెలుపు న్యూఆర్క్‌లోని ఓ మామూలు యూదు కుటుంబాన్ని ఏం చేసిందో ఏడేళ్ల ఫిలిప్ చెప్తాడు.

రాత్ బలమంతా ఆ ఇంట్లోనే ఉంది. ఫాసిజం అక్కడికి తుపాకీ పట్టుకుని రాదు, ప్రభుత్వ పథకంలా వస్తుంది. వేసవిలో అన్న శాండీని కెంటకీ పొగాకు తోటకి పంపుతారు. తిరిగొచ్చిన పిల్లాడికి అమ్మానాన్నల భయం చాదస్తంలా కనిపిస్తుంది. తర్వాత నాన్న పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి బదిలీ ఉత్తర్వు. బలవంతమేమీ లేదు, అవకాశం అంటారు! ఆయన ఉద్యోగం వదిలేస్తాడు. ఈ పేజీలకి తిరుగులేదు.

చిక్కు చివర్లో వస్తుంది. 1942లో లిండ్‌బర్గ్ విమానంతో సహా మాయమైపోతాడు. రూజ్వెల్ట్ మళ్లీ గెలుస్తాడు, అమెరికా ఏడాది ఆలస్యంగా యుద్ధంలోకి దిగుతుంది. పట్టాలు తప్పిన బండి మళ్లీ పట్టాలెక్కుతుంది. అంటే రాత్ దృష్టిలో మనకి తెలిసిన అమెరికాయే సహజం, లిండ్‌బర్గ్ ఓ దారి తప్పడం. కానీ ఆ ‘తెలిసిన అమెరికా’ని తయారు చేసింది చాలావరకు యుద్ధమే కదా?

యుద్ధాన్ని పూర్తిగా తీసేసి చూడండి. 1937లో సుప్రీంకోర్టుని విస్తరించబోయి రూజ్వెల్ట్ దెబ్బతిన్నాడు. అదే ఏడాది మాంద్యం మళ్లీ ముదిరింది. 1938 ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 80 దాకా సీట్లు పెంచుకున్నారు. దక్షిణాది డెమొక్రాట్లు వాళ్లతో చేతులు కలిపారు, న్యూ డీల్ అక్కడే ఆగింది. ఐరోపాలో నిప్పు రాజుకోకపోతే వాషింగ్టన్ కాలం నాటి ఆనవాయితీని దాటి మూడోసారి పోటీ చేయడానికి రూజ్వెల్ట్‌కి సాకేది? యుద్ధం లేకుండా ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యేవాడా? అలాంటి అమెరికా వెనక్కి తిరగడానికి లిండ్‌బర్గ్ అక్కర్లేదు. దక్షిణాది సెనేటర్లు చాలు, అదీ రాజ్యాంగబద్ధంగా.

నల్లవాళ్ల సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టం. 1941లో ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదికి ఊరేగింపు తీస్తానంటే, రక్షణ పరిశ్రమల్లో వివక్ష కూడదని రూజ్వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆయుధాల తయారీకి మనుషులు కావాల్సిన సమయం కాబట్టే ఆ బెదిరింపుకి అంత పదును. అదే యుద్ధం 1942లో, అదే రూజ్వెల్ట్ సంతకంతో, లక్షమందికి పైగా జపనీస్ అమెరికన్లని నిర్బంధ శిబిరాలకి పంపింది. రాత్ యూదుల కోసం ఊహించిన తరలింపుకి అసలు రూపం అది. చేసింది ‘మంచి’ అధ్యక్షుడు. లిండ్‌బర్గ్‌ని మాయం చేసి ఊపిరి పీల్చుకునే ముగింపులో ఈ చేదుకి చోటు లేదు.

మనకీ ఇందులో ఓ ముడి ఉంది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో, వలసకి మాత్రం ఏడాదికి 100 మందికే. యుద్ధంలో ఆసియా మిత్రుల అవసరం పడ్డాకే ఆ చట్టానికి దారి దొరికింది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు యుద్ధం లేని అమెరికాని ఊహించేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కేసుకోవాలి.

ఇన్ని చెప్పాక కూడా నవల చదవమనే అంటాను. చరిత్ర గురించి దాని నమ్మకం తప్పు కావచ్చు, భయం గురించి దాని జ్ఞానం నిజం. వెనక రాత్ జతచేసిన అనుబంధాన్ని మాత్రం దాటేయకండి. 1941 సెప్టెంబర్ 11న డెమాయిన్‌లో, యూదులు దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నారంటూ లిండ్‌బర్గ్ చేసిన ప్రసంగం అందులో ఉంది. అది కల్పన కాదు. అప్పుడు అధ్యక్షుడు రూజ్వెల్టే.