జాలిం గోరీ మీద చాదర్

మా నానీది నల్లగొండ జిల్లా. ఆమె లెక్కలో కాలం రెండు ముక్కలు: పోలీస్ యాక్షన్‌కు ముందు, తర్వాత. పేరుకు పోలీస్ యాక్షన్. 1948 సెప్టెంబరు 13న సరిహద్దు దాటి వచ్చింది మాత్రం సైన్యం. అప్పటికి హైదరాబాద్ తాను వేరే దేశమంటోంది, ఐక్యరాజ్యసమితి గడప కూడా తొక్కింది. ఆ చర్యలోనూ, ఆ తర్వాతి మారణకాండలోనూ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు.

దీని మీద మనం రాయాలి. రాస్తున్నాం కూడా. పేచీ ఎక్కడంటే, ఢిల్లీని నిలదీసే ఊపులో మనలో కొందరు నిజాం సర్కారును కడిగిన ముత్యంలా చూపిస్తున్నారు. ఆ రాతల్లో ఉస్మానియా యూనివర్సిటీ ఉంటుంది, గంగా జమునా తహజీబ్ ఉంటుంది. వెట్టి ఉండదు, గడీ ఉండదు, రజాకార్ ఉండడు.

మరి బందగీని ఎక్కడ పెడదాం? భూమి కోసం కోర్టుకెక్కిన ఆ పేద ముసల్మాను రైతును విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు నరికి చంపారు. దేశ్‌ముఖ్ హిందువే, అతని వెనకున్న సర్కారు మాత్రం నిజాముది. షోయబుల్లా ఖాన్‌ని ఏం చేద్దాం? విలీనం కావాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో చెయ్యి నరికి చంపారు. పాలమూరు అప్పంపల్లిలో 1947లో పోలీసు తూటాలకు కూలినవాళ్లో? వీళ్లను మనం దాస్తే, ఎదుటివాడు వీళ్ల పేర్లతోనే మన నోరు మూయిస్తాడు.

ఇంకో మాట. సర్కారు పాపానికి శిక్ష ఎవరికి పడింది? నిజాం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. చచ్చింది ఊళ్లలోని సామాన్య ముసల్మాన్లు. నిజాం అంటే మనమే అని మోస్తే, రజాకార్ల నేరానికి ప్రతి సాయిబూ జవాబుదారీ అన్నవాడి వాదాన్ని మనమే ఒప్పుకున్నట్టు.

ఇరాక్ విషయంలోనూ ఇదే తప్పు చేశాం. 1991లో, మళ్లీ 2003లో అమెరికా యుద్ధాన్ని తిట్టాలని సద్దాంను హీరో చేసినవాళ్లున్నారు మనలో. 1988లో హలబ్జాలో అతని విషవాయువుకు బలైన వేలమంది కుర్దులూ కల్మా చదివినవాళ్లే. 2003 యుద్ధం అన్యాయం. సాకుగా చెప్పిన మారణాయుధాలు దొరకనేలేదు. ఆ మాట అనడానికి సద్దాం మంచివాడు కానక్కర్లేదు.

మా నానీ రజాకార్లనూ తిట్టేది, మిలిటరీనీ తిట్టేది. ఒకరిని తిట్టినందుకు ఇంకొకరిని ఎన్నడూ మాఫ్ చెయ్యలేదు. మన కలాలకూ ఆ పాటి ఇన్సాఫ్ ఉండాలి.