కట్టడం ఆగని గుడి, పేరు దాచని గోడ

బార్సిలోనా వెళ్లిన తెలుగువాళ్లు సగ్రాద ఫమీలియా చర్చి శిఖరాలనూ వాటి పక్కన క్రేన్లనూ చూసి, ఇంకా పూర్తికాలేదా అని ఆశ్చర్యపోతారు. 1882లో మొదలైన పని అది. మరుసటి ఏడాది దాన్ని చేపట్టిన వాస్తుశిల్పి ఆంటోని గౌడీ 1926లో ట్రాము గుద్ది చనిపోయాడు. 1936 అంతర్యుద్ధంలో నిర్మాణ పటాలు తగలబడ్డాయి, ఆయన చేసిన నమూనాలు ముక్కలయ్యాయి. ఆ ముక్కలు ఏరి అతికించుకుని తర్వాతివాళ్లు పని సాగించారు. 1965లో లె కొర్బూజియే వంటి వాస్తుశిల్పులు అడ్డు చెప్పారు: కర్త పోయాక ఇతరులు కట్టేది ఆయన చర్చి ఎలా అవుతుంది? తేలిగ్గా తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. కాకపోతే గోదావరి డెల్టాకు ఇదేమీ కొత్త కాదు.

ద్రాక్షారామ భీమేశ్వరాలయాన్నే చూడండి. రెండంతస్తుల గర్భగుడి చాళుక్య భీముడి నాటిదంటారు. ఆ తర్వాత వెలనాటి చోడులు, తూర్పు గాంగులు, రెడ్డిరాజుల కాలం దాకా శతాబ్దాల పాటు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేరుస్తూనే వచ్చారు. రాజులే కాదు, వర్తకులూ ఆడవాళ్లూ ఇచ్చారు. అఖండ దీపానికి గొర్రెల మందను రాసిస్తే, దాన్ని మేపే బోయడు రోజూ గుడికి నెయ్యి కొలవాలి. ఎవరిచ్చారు, ఏ శక సంవత్సరంలో, ఎందుకు అన్నది రాతి మీద చెక్కారు. అలాంటి శాసనాలు ఆ ఒక్క గుడిలోనే వందల్లో ఉన్నాయి. కట్టే పద్ధతి కూడా తొందరను ఒప్పుకునేది కాదు. మన గాలిగోపురాలకు అడుగున రాయి, పైన ఇటుకా డంగుసున్నం. గానుగలో నూరిన సున్నం గాలిని పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. కింది వరుస బిగియకుండా పైది లేపితే గోడ ఒరుగుతుంది. బార్సిలోనాలో ఇప్పుడు లోపల ఉక్కు కడ్డీలు బిగించిన రాతి పలకలను కింద సిద్ధం చేసుకుని పైకెత్తుతున్నారు, అందుకే వేగం.

ఇదంతా ఆలస్యానికి సాకు కదా అనవచ్చు. కొంత నిజమే: తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయ గోపురాలు మొండిగా నిలిచిపోవడంలో గొప్పేమీ లేదు. చేర్పుల పేరుతో పాతది పాడవుతుందన్న భయం ఇంకా న్యాయమైనది. అందుకే గీటురాయి వేరే ఉండాలి: చేర్చినవాడు తన చేర్పును దాచాడా, చెప్పాడా? సగ్రాద ఫమీలియాలో 1987లో పని మొదలుపెట్టిన శిల్పి సుబిరాక్స్ క్రీస్తు శ్రమల ముఖద్వారాన్ని గౌడీని అనుకరించకుండా, కోసినట్టుండే మొనదేలిన బొమ్మలతో నింపాడు. నచ్చనివాళ్లు చాలామందే, కానీ ఎవరి చెయ్యో చూడగానే తెలుస్తుంది. ద్రాక్షారామ శాసనం చేసే పనీ అదే. ఇప్పటి జీర్ణోద్ధరణల్లోనే తేడా వస్తోంది. గుడి ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు ఎర్రరంగుతో వెలుగుతుంది. కానీ మండపం స్తంభానికి సిమెంటు మెత్తి, శాసనం మీద ఎనామిల్ పూసింది ఎవరో, ఏ ఏడాదో ఎక్కడా రాసి ఉండదు.