కాదనగలిగే జర్నల్

జర్నల్ నుంచి రివ్యూకి పరిశోధన పేపర్ వస్తే నేను ముందు ఫలితాల జోలికి పోను. పోలిక దేనితో పెట్టారో చూస్తాను. మందు వేసిన కణాలు చచ్చిపోయాయంటారు, సరే. మందు వేయని కణాలను ఎలా ఉంచారు? మందును ఆల్కహాల్‌లో కరిగించి పోసి ఉంటే, పోలిక కోసం ఉంచిన కణాలకూ అంతే ఆల్కహాల్ పోయాలి. పోయకపోతే చంపింది మందో, ఆల్కహాలో ఎలా తేలుతుంది? ఆ వివరం ప్రయోగ పద్ధతులు రాసిన చోట ఒక్క వాక్యంలో ఉంటుంది, లేదా ఉండదు. దాన్ని పట్టుకోవడమే రివ్యూయర్ పని. ఈ పనికి మాకు డబ్బు ముట్టదు, పేరూ సాధారణంగా బయటికి రాదు.

సరిగ్గా ఈ తప్పునే కావాలని పెట్టి జాన్ బొహానన్ అనే విలేకరి ఒక దొంగ పేపర్ తయారుచేశాడు. లైకెన్ నుంచి తీసిన పదార్థం కేన్సర్ కణాల పెరుగుదలను ఆపుతుందని అందులో రాసి, లేని మనుషుల పేర్లతో, లేని సంస్థల పేర్లతో చదవడానికి డబ్బు అడగని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు వేసుకుంటామన్నాయి. 2013లో ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చందా కట్టి చదివే జర్నళ్లకు పంపనేలేదు కాబట్టి వాటి బండారం బయటపడలేదని కొందరు విమర్శించారు. అదీ న్యాయమే.

అలాగని ఓపెన్ యాక్సెసే దండగ అనేవాళ్లతో నేను గొంతు కలపను. లైబీరియాను కూడా ఎబోలా ఉన్న ప్రాంతాల్లో చేర్చాలని ఐరోపా శాస్త్రవేత్తలు 1982లోనే ఒక పేపర్లో రాశారు. మూడు దశాబ్దాల తర్వాత ఆ జబ్బు వచ్చిపడేనాటికి ఆ హెచ్చరిక లైబీరియా ఆరోగ్య శాఖకే తెలియదు. అక్కడి అధికారులే 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ మాట రాశారు. అలాంటి ఒక పేపర్ దించుకోవాలంటే అప్పటికి 45 డాలర్లు కట్టాల్సి వచ్చేది, లైబీరియా డాక్టరుకు దాదాపు అరవారం జీతం. పరిశోధన ఫలితాలు అందరూ ఉచితంగా చదువుకునేలా ఉండాలని 2002లో బుడాపెస్ట్ ప్రకటన అడిగింది ఇలాంటి అడ్డంకుల వల్లే.

చదివేవాళ్లకు తలుపు తెరుచుకుంది. కానీ చాలా జర్నళ్లు ఆ ఖర్చును రాసేవాళ్ల మీదికి తోశాయి. ‘నేచర్’లో ఓపెన్ యాక్సెస్‌గా వేయించుకోవడానికి 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. రుసుము ఎంతన్నదాని కంటే, దాన్ని ఎప్పుడు వసూలు చేస్తారన్నది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. చందా జర్నల్ ఒక పేపర్‌ను తిప్పి పంపితే ఆ పూట దాని రాబడికి లోటేమీ రాదు. అచ్చయిన పేపరుకు ఇంత అని తీసుకునే జర్నల్ మాత్రం కాదన్న ప్రతిసారీ సొమ్ము వదులుకోవాలి. పరువున్న జర్నళ్లు వదులుకుంటూనే ఉన్నాయి. అయితే ఆ పరువు మీద ఒత్తిడి రోజూ ఉంటుంది. వైలీ లాంటి పెద్ద ప్రచురణ సంస్థ చేతిలో ఉన్న హిందావి జర్నళ్లే 2023లో అచ్చయిన 8,000కు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఈ వ్యాపారంలో హైదరాబాద్ పేరు కూడా కోర్టుకెక్కింది. ఇక్కడి ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. రివ్యూ జరిగినట్టు నమ్మించారని, రుసుము సంగతి ముందుగా చెప్పలేదని, పేపర్ వెనక్కి ఇమ్మంటే ఇవ్వలేదని అభియోగాలు. 2019 మార్చిలో ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఇలాంటి సంస్థల నుంచి ‘గ్రీటింగ్స్ ఆఫ్ ద డే’ అంటూ మొదలయ్యే మెయిళ్లు యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లందరికీ పరిచయమే. నేను జన్మలో ముట్టని విషయంలో నన్ను మహా నిపుణుణ్ణి చేసేసి, వారంలో పేపర్ పంపమంటారు.

మనవాళ్లు అమాయకంగా మోసపోతున్నారనుకుంటే అది సగం నిజమే. రుసుము కట్టి అచ్చు కొనుక్కునేవాళ్లలో చాలామంది తెలిసే కొంటున్నారు. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ అచ్చయి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది గానీ, ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో పేపర్లు లెక్కపెట్టే అలవాటు పోలేదు. మంచి జర్నళ్లవంటూ తాను పెట్టుకున్న కేర్ జాబితానూ 2025లో ఎత్తేసింది. ఏది మంచిదో యూనివర్సిటీలే తేల్చుకోవాలట. తేల్చుకోవాలంటే చదవాలి.

చదవడానికి ప్రభుత్వం డబ్బు పెట్టింది, కాదనను. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీకి ఇది చిన్న మేలు కాదు. కానీ ఆ సొమ్ము పోయేది ప్రచురణకర్తలకే. బెంగళూరు నుంచి 1932 నుంచీ వస్తున్న ‘కరెంట్ సైన్స్’ రాసేవాళ్ల దగ్గర రుసుము తీసుకోదు, ఆన్‌లైన్లో ఎవరైనా చదువుకోవచ్చు. ఇలాంటి జర్నళ్లకు ఆ మొత్తంలో కొంత ఇచ్చి, పూర్తికాలం ఎడిటర్లను, గణాంకాలు సరిచూసేవాళ్లను పెడితే, రాబడి పోతుందన్న భయం లేకుండా కాదనగలిగే జర్నళ్లు మనకూ ఉంటాయి.

ఉద్యోగాల సెలెక్షన్ కమిటీల్లో నేను అడిగేది ఒక్కటే: అభ్యర్థి తన పేపర్లలో మూడే ఎంచి ఇవ్వాలి, వాటిని మేం ముందే చదివి రావాలి. లావుపాటి ఫైళ్లకు విలువ పోయిన రోజున, వారంలో పేపర్ పంపమనే ఆ మెయిళ్లకు గిరాకీ ఉండదు. తోటి సభ్యులు అవునంటారు, మర్నాడు మళ్లీ పేపర్లు లెక్కపెట్టడంతోనే మొదలుపెడతారు. చదవడానికి ఒక పూట పడుతుంది. చదివి, ఇందులో సరుకు లేదు అన్నవాడికి చెడ్డపేరు వస్తుంది. లెక్కపెడితే ఎవరికీ చెడ్డపేరు రాదు, అందుకే లెక్కపెడతారు.