ఐతమ్మ పెంపకం

పల్నాటి వీరచరిత్ర మాట వచ్చినప్పుడు మనం సాధారణంగా బ్రహ్మనాయుడి చాపకూడుతో మొదలుపెడతాము. అన్ని కులాల వారినీ అతడు ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాడు. మాల కన్నమదాసును కొడుకన్నాడు. పన్నెండవ శతాబ్దపు కథలో యిది చిన్న విషయం కాదు. కాని అదే బ్రహ్మనాయుడి యింటి లోపలికి మన విమర్శ సరిగా అడుగు పెట్టలేదనే చెప్పాలి. ఆ యింట్లో అతని భార్య ఐతమ్మ ఉన్నది, కొడుకు బాలచంద్రుడు ఉన్నాడు.

ద్విపదలో ఉన్న యీ కావ్యం శ్రీనాథునిదని ప్రతీతి. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారిగా ఉన్న కవి దేశి కథకు దిగివచ్చాడా లేదా అన్న తగాదా పండితులకు వదిలేద్దాము. మనకు కావలసింది వేరు. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరవిద్యావంతులు యీ కథ పాడతారు. అక్షరాలు రాకముందే పల్నాటి పిల్లల చెవిన పడే కథ యిది. ఆడదంటే ఏమిటో, మగవాడంటే ఏమిటో చెప్పే తొలి పాఠాల్లో యిదీ ఒకటి.

కథలో అసలు ఘట్టం చూడండి. బాలచంద్రుడు బొంగరమాడుతుంటే అది ఒక స్త్రీ కాలికి తగిలి గాయమవుతుంది. నీవాళ్లంతా కారెంపూడి కదనానికి పోతే నీకిక్కడ ఆటలా అని ఆమె ఎత్తిపొడుస్తుంది. దెబ్బ తిన్న మనిషి కూడా తన నొప్పికి కాక, అతని మగతనానికి సంజాయిషీ అడిగింది! అతడు తల్లి దగ్గరికి వచ్చి సెలవడుగుతాడు. ఐతమ్మ వారిస్తుంది. తన మాట సాగక, కోడలు మాంచాల దగ్గరకు పంపుతుంది. శ్యామాంగి మోజులో అతడు అంతవరకు ముఖం చూడని భార్య ఆ మాంచాల.

ఐతమ్మను తప్పుపట్టడం తేలిక. కాని కొడుకు చావుకు పోతున్నాడని తెలిసిన తల్లికి చివరికి తోచిన ఉపాయం అదొక్కటే ఎందుకైంది? ఆడదాని చేతిలో ఉన్న బలం సౌందర్యమొక్కటేనని ఆమె నేర్చుకుని ఉంటుంది. తాను నేర్చుకున్న దానినే కష్టకాలంలో బయటికి తీసింది. మరొక ఆడపిల్లను పనిముట్టు చేసింది. మాంచాల తాను నేర్చిన రెండవ పాఠాన్ని అప్పగించింది: వీరపత్ని భర్తను ఆపరాదు. సాగనంపింది. ఆడది సంకెల అన్న మాట, ఆడది కులగౌరవం అన్న మాట ఒకే గదిలో ఎదురుపడ్డాయి. నీకేమి కావాలని మాంచాలను అడిగినవారు లేరు. దీనినే మనవారు త్యాగమని మెచ్చుకుంటున్నారు.

యిక నాగమ్మ. గురజాలలో నలగామరాజుకు మంత్రిణియై రాజ్యతంత్రం నడిపిన స్త్రీ. చిన్నతనంలోనే భర్త పోయినదని జనశ్రుతి. అంటే, భార్య అనే పాత్ర తొలగిన తరువాతనే కథ ఆమె చేతికి అధికారమిచ్చింది. యిచ్చి, యుద్ధ పాపమంతా ఆమె నెత్తిన వేసింది. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ చిత్రంలో కన్నాంబ, 1966 నాటి చిత్రంలో భానుమతి ఆ పాత్రకు ఎంత ఠీవి తెచ్చినా, ఎదురుచెప్పిన ఆడపిల్లను ‘నాయకురాలు నాగమ్మ’ అని దెప్పడం మన యిళ్లలో పోలేదు.

యీ దెప్పులు ఊరికే బ్రతకవు. మిరపకోతలకు తల్లి పోతే చంటిపిల్లను చంకన వేసుకునేది అక్క. బడికి పోయేది తమ్ముడు. తల్లికి కూలి ఒకరోజు పోతే పొయ్యి వెలగదు కనుక అక్కకు ‘ఓర్పు’ నేర్పుతారు. ఆ తల్లికీ చిన్నప్పుడు అదే ఓర్పు నేర్పారు. తమ్ముడు ఏడిస్తే ‘ఆడపిల్లలా ఏడుస్తావేం’ అని గదమాయించేదీ ఆ తల్లే. బొంగరం దెబ్బ తిన్న స్త్రీకీ, ఆమెకూ తేడా ఎంత?

ఆర్థిక పునాది మారితే యివన్నీ వాటంతట అవే మారతాయని కొందరు మిత్రులు అంటారు. కుటుంబాన్ని సొంత ఆస్తితో ముడివేసి చూపిన ఎంగెల్స్ గ్రంథం 1884 నాటిది. దానిని చదివినవారు యింటిని పునాదికి బయట ఎట్లా పెడతారో నాకు బోధపడదు. ఆ మిత్రుల యిళ్లలో సభ ముగిసిన తరువాత టీ గ్లాసులు కడుగుతున్నది కూతుళ్లే. చాపకూడు పంక్తి లేచాక విస్తళ్లు ఎవరు తీశారని అడిగిన విమర్శ కూడా నేను చదవలేదు.